లారెన్సు వేదసాక్షి మరణం, చెక్కుడు ముద్ర (సుమారు 1525): ఈ బొమ్మ బాండినెల్లిదా, మార్కాంటోనియోదా?

రాగిరేకు | 10 ఆగస్టు, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఈ రోజు పునీత లారెన్సు పండుగ కావడం కాకతాళీయమే. నా ప్రశ్న మాత్రం నెల రోజులుగా నలుగుతున్నది. కిందటి నెల ఇక్కడి మ్యూజియంలో, ముద్రిత చిత్రాలను అడిగి చూసే గదిలో, మార్కాంటోనియో రైమోండి రాగి రేకుపై చెక్కిన "లారెన్సు వేదసాక్షి మరణం" (విశ్వాసం కోసం ప్రాణమిచ్చిన క్రైస్తవ పునీతుడి మరణం) ముద్రను బల్ల మీద పెట్టి చూసే అవకాశం కలిగింది. ఎత్తు దాదాపు 44 సెంటీమీటర్లు, వెడల్పు దాదాపు 57 సెంటీమీటర్లు. పుస్తకాలలో అరచేయంత బొమ్మగా చూసినప్పుడు అది ఇంత పెద్దదని నేను ఊహించలేదు.

ముందు భాగంలో లారెన్సు ఇనుప కమ్మీల మంచం మీద సగం ఒరిగి ఉన్నాడు. చుట్టూ కండలు తిరిగిన సేవకులు నిప్పును ఎగదోస్తూ, గడలతో అతన్ని అదిమి పట్టే పనిలో ఉన్నారు. పైన ఎత్తయిన చోట అధికారి ఆసీనుడై ఉన్నాడు. అంతటా రోమన్ పద్ధతి కట్టడమే. నన్ను ఆపినది మాత్రం ఈ బొమ్మలోని అక్షరాలు: ఒక చోట "బాచియస్ బ్రాండిన్" అనే పేరు, దాని వెంట "కల్పించినవాడు" అని అర్థం వచ్చే లాటిన్ మాట, మరొక చోట మార్కాంటోనియో పొడి అక్షరాల గుర్తు. ఒకే కాగితం మీద ఇద్దరి పేర్లు ఉన్నప్పుడు ఈ బొమ్మను ఎవరిదని చెప్పాలి? ఒకరు ఊహించారు, మరొకరు గీశారు అని తేల్చేస్తే సరిపోతుందా?

పాతముద్రలు | 10 ఆగస్టు, రాత్రి 11:40

రాగిరేకు గారూ, ఈ ప్రశ్నను ఆ కాలంలోనే ఒక పోపు ముందు పెట్టారు. అక్కడికి వెళ్లే ముందు ఆ ఇద్దరినీ పరిచయం చేయడం అవసరం.

మార్కాంటోనియో బొలోన్యా ప్రాంతంలో సుమారు 1480లో పుట్టి, అక్కడ స్వర్ణకారుడూ చిత్రకారుడూ అయిన ఫ్రాంచెస్కో ఫ్రాంచా దగ్గర పని నేర్చుకున్నాడు. సుమారు 1510లో రోమ్ చేరి, అక్కడి ప్రసిద్ధ చిత్రకారుడు రఫాయేల్ ఇచ్చిన రేఖాచిత్రాలను రాగి మీదకు ఎక్కించడం మొదలుపెట్టాడు. రఫాయేల్ పేరు ఆల్ప్స్ పర్వతాలు దాటి పోవడానికి కుడ్యచిత్రాలకన్న ఈ కాగితాలే ఎక్కువ తోడ్పడ్డాయంటే అతిశయోక్తి కాదు. గోడ ఎక్కడికీ కదలదు, కాగితం సంచిలో పడి ఎంత దూరమైనా పోతుంది. 1520లో రఫాయేల్ మరణించాక మార్కాంటోనియో ఆయన శిష్యుడు జూలియో రొమానోతో కలిసి పనిచేశాడు. జూలియో గీసిన శృంగార భంగిమలను చెక్కి అచ్చు వేసినందుకు, 1524 ప్రాంతంలో ఏడవ క్లెమెంట్ పోపు ఆగ్రహించి అతన్ని చెరసాలలో పెట్టించాడు. ఆ సరికే జూలియో మాంటువా వెళ్లిపోయి చిక్కు తప్పించుకున్నాడు.

బాచ్చో బాండినెల్లి 1493లో పుట్టిన ఫ్లోరెన్సు శిల్పి, ఆ నగరాన్ని ఏలిన మెదీచి కుటుంబం అండ గలవాడు. ఏడవ క్లెమెంట్ కూడా మెదీచి వంశీకుడే. ఫ్లోరెన్సులో మెదీచి వారి సొంత గుడి అనదగిన సాన్ లొరెంజోలో (అంటే పునీత లారెన్సు గుడిలో) ప్రధాన వేదిక దగ్గరి గోడలకు, ఒక వైపు పునీతులు కోస్మస్, దామియన్‌ల మరణం, మరొక వైపు లారెన్సు మరణం చిత్రించడానికి బాండినెల్లి నమూనాలు గీశాడని, కళాకారుల జీవిత చరిత్రలు రాసిన జోర్జో వసారి రాశాడు. చెరసాల నుంచి మార్కాంటోనియోను విడిపించిన వారిలో బాండినెల్లి ఒకడనీ, బయటికి వచ్చాక అప్పటికే మొదలుపెట్టిన ఈ లారెన్సు రేకును అతని కోసం పూర్తి చేశాడనీ వసారి కథనం. మీరు చూసిన "బ్రాండిన్" అనే రూపం కూడా గమనించదగినది. ఆయన అసలు ఇంటి పేరు బ్రాండిని. తర్వాత సాంతియాగో వీరుల కూటమిలో చేరడానికి కులీన వంశం అవసరమైనప్పుడు సియెనా నగరపు బాండినెల్లి వంశంతో చుట్టరికం చెప్పుకున్నాడు. పేరు మారక ముందటి మనిషి ఈ రేకు మీద నిలిచిపోయాడు.

ఇక పోపు తీర్పు. రేకు పూర్తి కావస్తుండగానే బాండినెల్లి పోపు దగ్గరకు వెళ్లి, తన బొమ్మను చెక్కుడువాడు తప్పులతో పాడు చేస్తున్నాడని ఫిర్యాదు చేశాడట. మార్కాంటోనియో పని ముగించి, మూల చిత్రాన్నీ ముద్రనూ రెండింటినీ తీసుకెళ్లి పోపు ముందుంచాడు. ఆయన రెండూ పరిశీలించి, చెక్కినవాడు తప్పులు చేయలేదు సరికదా, బాండినెల్లి చేసిన తప్పులనే చాలా చోట్ల దిద్దాడనీ, అతని గీతకన్న ఇతని ఉలికే ఎక్కువ తెలుసుననీ తేల్చాడట.

సందేహాలరావు | 11 ఆగస్టు, ఉదయం 7:05

కథ రుచిగా ఉంది. వసారి కథలన్నీ రుచిగానే ఉంటాయి, అక్కడే నాకు భయం.

మార్కాంటోనియోను విడిపించిన వారిలో బాండినెల్లితో పాటు "కార్డినల్ ఇప్పొలితో దె మెదీచి" ఉన్నాడని ఆయన రాశాడు. ఇప్పొలితో పుట్టినది 1511లో, కార్డినల్ అయినది 1529లో. అంటే ఈ విడుదల నాటికి అతను పదమూడు, పద్నాలుగేళ్ల బాలుడు. కార్డినల్ కానే కాదు. తర్వాతి కాలపు బిరుదును వెనక్కి అతికించాడని సరిపెట్టుకోవచ్చు గానీ, ఆ వయసు పిల్లవాడి మాట మీద చెరసాల తలుపులు తెరుచుకున్నాయనడానికి మరికొంత బలం కావాలి. దీనికి తోడు ఆ శృంగార బొమ్మలకు పద్యాలు కట్టిన కవి పియెత్రో అరెతీనో, విడిపించినది తానేనని చెప్పుకున్నాడు.

రెండవది, మార్కాంటోనియో చరిత్ర వసారి గ్రంథంలో విడిగా వచ్చినది 1568 కూర్పులో. అంటే జరిగిన నలభై ఏళ్లకు పైన. పోపు లేడు, చెక్కినవాడు లేడు, గీసినవాడు లేడు. మూడవది, వసారికీ బాండినెల్లికీ పడదు. బాండినెల్లి అహంకారి, అసూయాపరుడు అని చూపించడానికి దొరికిన ఏ సందర్భాన్నీ ఆయన వదలలేదు. కాబట్టి ఈ తీర్పును సాక్ష్యంగా తీసుకునే ముందు ఇది బాండినెల్లిని దెప్పడానికి అల్లినది కాదు గదా అని ఆలోచించాలి.

నగిషీ | 11 ఆగస్టు, మధ్యాహ్నం 2:30

చరిత్ర సంగతి పెద్దలు చూసుకుంటారు. నేను కంసాలి కుటుంబం నుంచి వచ్చినవాడిని. ఉలి సంగతి చెప్పగలను. "ఇంకొకడి బొమ్మను ఎక్కించాడు, అంతే కదా" అనే మాటలో ఎంత పని దాగి ఉన్నదో తెలిస్తే పోపు తీర్పు అంత అసంభవంగా అనిపించదు.

ఈ పనికి వాడే ఉలిని బ్యూరిన్ అంటారు. సన్నని ఉక్కు కడ్డీ, చివర ఏటవాలుగా సాన పట్టి ఉంటుంది, వెనక పుట్టగొడుగు ఆకారపు కొయ్య పిడి. దీన్ని సుత్తితో కొట్టరు. పిడిని అరచేతిలో ఇముడ్చుకొని నెడతారు. నెట్టిన కొద్దీ రాగి సన్నని తీగలా లేచి వస్తుంది, వెనక చాలు మిగులుతుంది. ఒంపు గీత కావాలంటే ఉలి తిప్పడం కన్న, ఇసుక నింపిన తోలు దిండు మీద పెట్టిన రేకునే మరో చేత్తో తిప్పడం ఎక్కువ. చాలు లోతు పెరిగితే గీత లావెక్కుతుంది, తేలిపోతే సన్నబడుతుంది. పని అయ్యాక సిరా పట్టించి, పై సిరా తుడిచేసి, తడిపిన కాగితం పరిచి రోలరు కింద నొక్కితే, చాళ్లలో ఉన్న సిరా కాగితం మీదకు లేచి వస్తుంది. కుడి ఎడమ అవుతుంది కాబట్టి చెక్కేవాడు బొమ్మను తిరగేసి ఆలోచించాలి. తప్పు పడితే గీకి, నున్నగా రుద్ది, అక్కడ పల్లం పడితే రేకును వెనక నుంచి కొట్టి లేపి, మళ్లీ చెక్కాలి. అంత పెద్ద రేకు మీద ఒక్కొక్క తప్పూ రోజులు తినేస్తుంది.

ఇప్పుడు అసలు మాట. శిల్పి సుద్దతోనో సిరాతోనో నీడ వేస్తే దాన్ని వేలితో పులమవచ్చు, నీళ్లు కలిపి పల్చన చేయవచ్చు. రాగికి పులమడం తెలియదు. ప్రతి నీడనూ గీతలుగా విడగొట్టాలి: ఎన్ని గీతలు, ఏ దిశలో, ఎంత ఎడం, ఎక్కడ అడ్డగీతలు పడాలి, ఎక్కడ చుక్కలతో ఆపాలి, ఎక్కడ కాగితం తెల్లగా వదలాలి. మూల చిత్రంలో తొడ కండ ఎక్కడ ముగిసిందో అస్పష్టంగా ఉంటే గీసినవాడు తప్పించుకోగలడు, చెక్కేవాడికి ఆ వీలు లేదు. అతని గీత కండ చుట్టూ తిరగాలి కాబట్టి ఆ కండ గుండ్రంగా ఉన్నదా చదునుగా ఉన్నదా అనేది అతనే తేల్చుకోవాలి. అంటే దిద్దుబాటు అనేది అతను కావాలని చేసినది కానక్కరలేదు. ఆ పనే అతని చేత దిద్దిస్తుంది.

గుంటూరు_పాఠకుడు | 11 ఆగస్టు, రాత్రి 8:55

అందరూ గీసినవాడి గురించీ చెక్కినవాడి గురించీ మాట్లాడుతున్నారు. కమ్మీల మీద ఉన్నాయన గురించి కూడా కొంచెం చెప్పుకుందాం. మాది కతోలిక కుటుంబం, మా తాతగారి పేరు లారెన్సు, కాబట్టి ఈ కథ చిన్నప్పుడే విన్నాను.

లారెన్సు రోమ్ సంఘంలో డీకన్, అంటే బీదలకు పంచే సొమ్మూ సంఘం ఆస్తీ చూసే పరిచారకుడు. వలేరియన్ చక్రవర్తి 258లో బిషప్పులనూ గురువులనూ డీకన్లనూ వెంటనే చంపాలని ఆజ్ఞ ఇచ్చినప్పుడు, ఆగస్టు 6న పోపు రెండవ సిక్స్టస్‌నూ ఆయనతో కొందరు డీకన్లనూ చంపారు. నాలుగు రోజుల తర్వాత లారెన్సు వంతు. సంఘం నిధులు అప్పగించమని అధికారి అడిగితే, గడువు కోరి, ఆ గడువులో ఉన్నదంతా పంచిపెట్టి, చివరికి బీదలనూ కుంటివారినీ గుడ్డివారినీ వెంటబెట్టుకొచ్చి "ఇవే సంఘం నిధులు" అన్నాడని కథ. నాలుగవ శతాబ్దపు అంబ్రోసు, ఆ తర్వాత లాటిన్ కవి ప్రుదెంతియస్, దీన్ని చెప్పారు. కమ్మీల మీద కాలుతూ "ఈ పక్క కాలింది, తిప్పి తినండి" అన్నాడనేది అందరికీ తెలిసిన మాట. ఆ కమ్మీల మంచమని చెప్పే ఇనుమును రోమ్‌లోని సాన్ లొరెంజో ఇన్ లూచినా గుడిలో ఇప్పటికీ భక్తులకు చూపిస్తారు.

చరిత్రకారులలో చాలామంది ఆయనను కత్తితో చంపి ఉంటారని భావిస్తారు, ఎందుకంటే ఆ ఆజ్ఞ తక్షణ వధ గురించినది. నిదానంగా కాల్చడం దానికి పొసగదు. లాటిన్‌లో "బాధలు పడ్డాడు" అనే మాట "పాస్సుస్ ఎస్త్". రాతలో మొదటి అక్షరం జారిపోతే "ఆస్సుస్ ఎస్త్", అంటే "కాల్చబడ్డాడు" అవుతుంది. ఒక అక్షరం జారి కమ్మీల కథ పుట్టిందని ఒక ఊహ ఉన్నది. ఊహే, రుజువు కాదు. మా తాతగారికి ఈ సంగతి చెప్పే ధైర్యం నాకు ఎప్పుడూ కలగలేదు.

సందేహాలరావు | 11 ఆగస్టు, రాత్రి 10:20

గుంటూరు గారూ, ఇది చాలా బాగుంది. నకలు రాసినవాడు చేసిన తప్పు నుంచి పుట్టిన కథకు, నకలు చెక్కినవాడు దిద్దిన బొమ్మ! నేనే వసారి అయితే ఈ వాక్యాన్ని పోపు నోట పలికించి ఉండేవాడిని.

తులసికోట | 12 ఆగస్టు, ఉదయం 6:45

నేను చిత్రకళ పాఠాలు చెప్పేదాన్ని. ఈ బొమ్మను ఏళ్ల తరబడి పిల్లలకు చూపించాను, ప్రతిసారీ ఒకే ఇబ్బంది ఎదురైంది: "ఇందులో పునీతుడు ఎవరు, టీచర్?" అని అడుగుతారు. అది వాళ్ల తప్పు కాదు. దుస్తులు లేని దేహాలు ఇన్ని చోట్ల ఇన్ని విధాలుగా వంగి, తిరిగి, సాగి ఉన్నప్పుడు లారెన్సు దేహం వాటిలో ఒకటిగా కలిసిపోతుంది. కమ్మీల వల్లనే మనం గుర్తుపడతాం. ముఖంలో నొప్పి లేదు, ఆయన ఎవరితోనో మాట్లాడుతున్నట్టు ఒరిగి ఉన్నాడు. విందులో పడకపై ఒరిగిన రోమన్ గృహస్థు అలాగే ఉంటాడు.

దీన్ని బాండినెల్లి లోపమనే చాలామంది అంటారు. మైకెలాంజెలో లాగా గీయాలనే తపన తప్ప భక్తి లేదని అంటారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. ఆయన ఆ ఏళ్లలోనే, పాములు చుట్టుకున్న మనుషులను చూపే ప్రాచీన లవొకూన్ శిల్పానికి పాలరాతి ప్రతి చెక్కుతున్నాడు. నొప్పితో మెలికలు తిరిగే దేహం ఎలా ఉంటుందో ఆయనకు బాగా తెలుసు. తెలిసి కూడా లారెన్సుకు ఆ నొప్పి ఇవ్వలేదు. కాబట్టి ఇది చేతకానితనం కాదని నా అభిప్రాయం. గుంటూరు గారు చెప్పిన ఆ హాస్యపు మాటనే తీసుకోండి: తిప్పి తినమన్న మనిషి అరుస్తూ ఉంటే ఆ మాట పొసగదు. మంటను ఎగదోసే వాళ్లకే ఆయాసం, ఆయనకు లేదు. శ్రమ అంతా చంపేవాళ్ల దేహాలలో ఉన్నది, విశ్రాంతి అంతా చచ్చేవాడి దేహంలో ఉన్నది. ఇది బాండినెల్లి ఊహ, మార్కాంటోనియోది కాదు. ఆ మేరకు ఈ బొమ్మ బాండినెల్లిదే.

పాతముద్రలు | 12 ఆగస్టు, మధ్యాహ్నం 1:15

తులసికోట గారి చివరి మాటను ఒప్పుకుంటూనే, సందేహాలరావు గారికి జవాబు చెప్పాలి.

ఇప్పొలితో విషయంలో మీరు చెప్పినది సరైనదే. వసారికి బాండినెల్లి మీద ఉన్న కోపమూ నిజమే. మైకెలాంజెలో కాషీనా యుద్ధపు కుడ్యచిత్రానికి గీసిన పూర్తి కొలత ముసాయిదాను బాండినెల్లి 1512లో రహస్యంగా చింపి ముక్కలు చేశాడని నేరం మోపినవాడు ఆయనే. ఆ ముసాయిదాలో నదిలో స్నానం చేస్తూ యుద్ధభేరి విని గట్టెక్కే సైనికులలో ముగ్గురిని మార్కాంటోనియో 1510లోనే రాగి మీద చెక్కాడు. వెనక దృశ్యం మాత్రం మైకెలాంజెలోది కాదు. నెదర్లాండ్స్ చెక్కుడుకారుడు లూకాస్ వాన్ లీడెన్ 1508లో చెక్కిన ముద్ర నుంచి ఎత్తి పెట్టాడు. అంటే 1510 నాటికే అతను ఇంకొకరి బొమ్మను ఉన్నదున్నట్టు దింపే మనిషి కాదు, ఇద్దరి సరుకును కలిపి తన కూర్పు చేసుకోగల మనిషి. వసారి మాటను పక్కన పెట్టినా ఈ ముద్ర ఉన్నది, ఎవరైనా చూడవచ్చు.

పోపు తీర్పు అచ్చంగా అలాగే జరిగిందా అన్నది వదిలేద్దాం. కానీ ఆ కథ నడవాలంటే వినేవాళ్లు ఒక సంగతిని ముందే ఒప్పుకొని ఉండాలి: చెక్కుడువాడికి సొంత విచక్షణ ఉంటుందని, అది గీసినవాడి విచక్షణను మించిపోవచ్చని. 1568లో ఆ మాట రాస్తే చదువరులు నవ్వుతారన్న భయం వసారికి లేదు. నాకు ఆ మేరకు చాలు.

బాండినెల్లికి ఈ ముద్రలు ఎంత అవసరమో కూడా చూడాలి. ఆయన గీసిన పసిపిల్లల ఊచకోతను (బైబిలు కథ) మార్కో దెంతె చెక్కాడు. రోమ్‌లో ఆయన శిష్యులు దీపం వెలుగులో చిన్న శిల్పాలు చూసి గీస్తున్న దృశ్యాన్ని అగొస్తీనో వెనెజియానో 1531లో చెక్కాడు. పాలరాతిలో తనకు రావలసినంత కీర్తి రాలేదని బాధపడే మనిషి, కాగితం మీద తన పేరును ఊరూరా తిప్పాడు. అందుకే "కల్పించినవాడు" అనే మాట రేకు మీద ఉండాలని పట్టుబట్టి ఉంటాడని నా ఊహ.

రాగిరేకు | 12 ఆగస్టు, రాత్రి 9:50

ఇంత ఓపికగా రాస్తున్నందుకు అందరికీ ధన్యవాదాలు. చర్చ చదువుతుంటే నా మారుపేరు నన్ను మరో చోటికి లాగింది. మన తామ్ర శాసనాలలోనూ ఇద్దరి పేర్లు ఉంటాయి కదా. రాజరాజ నరేంద్రుడి నందంపూడి శాసనంలో కావ్యకర్తగా నన్నయభట్టు పేరు, లేఖకుడిగా గండాచార్యుడి పేరు చదివిన గుర్తు. నన్నయ పేరు మనందరికీ తెలుసు, గండాచార్యుడి పేరు శాసనాలు చదివేవాళ్లకు మాత్రమే తెలుసు. ఈ ముద్రలో తలకిందులు అయింది: చెక్కినవాడి పేరే మ్యూజియం చీటీ మీద ముందు ఉన్నది, గీసినవాడు "అతని చిత్రాన్ని అనుసరించి" అనే తోకలో ఉన్నాడు. ఇది ఎలా జరిగింది?

నగిషీ | 12 ఆగస్టు, రాత్రి 11:05

శాసనపు రేకును నేరుగా చదువుతారు, రేకే అంతిమ వస్తువు. దాని మీద అక్షరం మాటను మోసే బండి. మాట ముఖ్యం, అందుకే కవి పేరు నిలిచింది. ముద్రకు చెక్కిన రేకు అంతిమ వస్తువు కాదు. ముద్రలు తీసినకొద్దీ చాళ్లు అరిగిపోతాయి, కొన్ని వందల మంచి ముద్రల తర్వాత నీడలు వెలిసిపోతాయి, మళ్లీ ఎవరో ఉలితో వాటిని లోతు చేస్తారు. కాబట్టి ముద్రలు పోగుచేసేవాళ్లు మొదట చూసేది గీత ఎంత పదునుగా ఉన్నదనే. ఆ చూపు అలవాటైనవాడికి చెక్కిన చెయ్యే ముందు కనబడుతుంది.

సందేహాలరావు | 13 ఆగస్టు, ఉదయం 8:10

పేరు గొడవలో ఒక ముచ్చట మిగిలిపోయింది, మార్కాంటోనియో మీద మీ అందరికీ పెరుగుతున్న ప్రేమకు విరుగుడుగా చెబుతున్నాను.

రోమ్ చేరకముందు, వెనిస్‌లో, ఇతను జర్మన్ చిత్రకారుడు ఆల్బ్రెక్ట్ డ్యూరర్ మరియమాత జీవిత చిత్రాల కొయ్య అచ్చులను రాగి మీద నకలు చెక్కాడు, డ్యూరర్ పొడి అక్షరాలతో సహా. డ్యూరర్ వెనిస్ ప్రభుత్వానికి మొర పెట్టుకున్నాడనీ, ఇకపై ఆ గుర్తు వాడరాదన్న మాట తప్ప మరే న్యాయమూ దొరకలేదనీ వసారి రాశాడు (అవును, మళ్లీ ఆయనే). మొర సంగతి ఎలా ఉన్నా నకళ్లు మన కళ్ల ముందున్నాయి. 1511లో ఆ వరుసను పుస్తకంగా వేసినప్పుడు డ్యూరర్ చివర, ఇతరుల శ్రమను దొంగిలించేవాళ్లను తిడుతూ, చక్రవర్తి ఇచ్చిన హక్కును చూపించి హెచ్చరిక అచ్చు వేశాడు.

ఇరవై ఏళ్ల తర్వాత అదే చెక్కుడువాడు తన మీద ఫిర్యాదు వస్తే, మూల చిత్రాన్నీ ముద్రనూ చంకలో పెట్టుకొని న్యాయం కోసం వెళ్లాడు. డ్యూరర్ తన బొమ్మను తానే ఊహించి తానే చెక్కుతాడు కాబట్టి "కల్పించినవాడు" అని వేరే రాయనక్కరలేదు, ఒక్క గుర్తు చాలు. ఆ గుర్తు విలువ ఎంతో దాన్ని దొంగిలించిన చెయ్యికే అందరికన్న ముందు తెలిసి ఉంటుంది.

పాతముద్రలు | 13 ఆగస్టు, ఉదయం 10:30

డ్యూరర్ మనసులో కోపం ఎంత ఉన్నదో గానీ, 1520లో నెదర్లాండ్స్ ప్రయాణంలో తన ముద్రల పూర్తి వరుసను బొలోన్యాకు చెందిన ఒక చిత్రకారుడికి ఇచ్చి, బదులుగా రఫాయేల్ పనులు తెప్పించమని అడిగినట్టు తన దినచర్యలో రాసుకున్నాడు. అప్పటికి రోమ్ నుంచి కాగితం మీద బయటికి వచ్చే రఫాయేల్ ఎక్కువగా మార్కాంటోనియో చేతిమీదుగా వచ్చినవాడే.

గుంటూరు_పాఠకుడు | 13 ఆగస్టు, రాత్రి 8:20

సాన్ లొరెంజో గోడల సంగతి ఏమైందని ఎవరూ అడగలేదు. బాండినెల్లి ఆ గోడల మీద ఆ కథలు చిత్రించలేదు. తర్వాత అదే చోట చిత్రకారుడు పొంతొర్మో 1546 నుంచి తాను చనిపోయే దాకా పదేళ్లు, తెరలు కట్టుకొని, ఎవరినీ రానివ్వకుండా వేరే చిత్రాలు వేశాడు; 1738లో వాటినీ తుడిచేశారు. అదే గుడి ఎడమ గోడ మీద ఆయన శిష్యుడు బ్రొంజీనో వేసిన లారెన్సు మరణం 1569లో పూర్తయి ఇప్పటికీ ఉన్నది. అందులోనూ దిగంబర దేహాల గుంపు, అందులోనూ సగం ఒరిగిన ప్రశాంతుడు. చూస్తే వేయని గోడచిత్రం ముద్ర రూపంలో నలభై ఏళ్లు తిరిగి తిరిగి ఇంటికి చేరినట్టు అనిపిస్తుంది. బ్రొంజీనో ఈ ముద్ర చూశాడా అని పాతముద్రలు గారిని అడగబోయి ఆగాను. ఫ్లోరెన్సులో ఉండి, బాండినెల్లితో ఒకే దర్బారులో పనిచేసి, చూడకుండా ఉండటమే కష్టం.

తులసికోట | 14 ఆగస్టు, ఉదయం 7:00

గుంటూరు గారు బ్రొంజీనోను తెచ్చారు కాబట్టి తిషియన్‌ను నేను తెస్తాను, ఎందుకంటే అదే పునీతుడు, అదే రాగి, ఫలితం మాత్రం వేరు.

వెనిస్ చిత్రకారుడు తిషియన్ ఆ నగరంలోని ఒక గుడికి లారెన్సు మరణాన్ని రాత్రి దృశ్యంగా చిత్రించాడు, 1559 నాటికి ముగించాడు. స్పెయిన్ రాజు రెండవ ఫిలిప్ కోసం ఆయన కట్టించిన ఎస్కోరియల్ మఠానికి మరొకటి వేశాడు. ఫిలిప్ సేనలు 1557 ఆగస్టు 10న, లారెన్సు పండుగ నాడు, సెయింట్ క్వెంటిన్ దగ్గర గెలిచినందుకు ఆ మఠాన్ని ఈ పునీతుడికే అంకితం చేశారు. దాని కట్టడం కమ్మీల మంచం ఆకారంలో ఉన్నదని జనం చెప్పుకుంటారు. 1571లో కోర్నెలిస్ కోర్ట్ అనే నెదర్లాండ్స్ చెక్కుడుకారుడు తిషియన్ చిత్రాన్ని రాగి మీదకు తెచ్చాడు. అందులో దేహాలు లెక్కపెట్టలేం. కమ్మీల కింది నిప్పు, కాగడాలు, పైన మబ్బు చీల్చుకొని వచ్చే వెలుగు, వీటి మధ్య లారెన్సు ఒక చెయ్యి పైకి చాస్తాడు. కోర్ట్ గీత లావెక్కి సన్నబడుతూ ప్రవహిస్తుంది కాబట్టి చీకటి కదులుతున్నట్టు ఉంటుంది.

ఆ పక్కన మార్కాంటోనియో ముద్ర పెడితే అది పగటి వెలుగులో శిల్పాల వరుసలా ఉంటుంది. గీతలు సమానం, క్రమం, ప్రతి కండకూ దాని నీడ. నగిషీ గారు చెప్పినట్టు అతను ప్రతి దేహం దగ్గరా ఆగి అది ఎక్కడ గుండ్రం, ఎక్కడ చదును అని తేల్చాడు. ఆ తేల్చడం వల్లనే దేహాలు మంచివయ్యాయి, నిప్పు చల్లబడింది. పోపు గారు దేహాలు చూసి తీర్పు చెప్పి ఉంటారు, నిప్పును చూడలేదు. తిషియన్ అయితే ఆ ఫిర్యాదు మరోలా చేసి ఉండేవాడు.

సందేహాలరావు | 14 ఆగస్టు, మధ్యాహ్నం 12:40

ఇంతవరకూ వచ్చిన వాదాలలో నాకు నచ్చినది ఇదే. "దిద్దాడు" అని ఒప్పుకుంటాను, కానీ దిద్దుబాటులో ఏదో పోయిందని కూడా ఒప్పుకోవాలి. నిప్పు చల్లబడటం బాండినెల్లి నమూనాలోనే ఉన్నదా, రాగి మీద వచ్చిందా అన్నదే మిగిలిన ప్రశ్న.

పాతముద్రలు | 14 ఆగస్టు, రాత్రి 10:15

బాండినెల్లి శిల్పి, ఆయన గీసే గీత కూడా పాలరాతిని చెక్కే గీతలాగే ఉంటుంది, వెలుగునీడల మీద కన్న అంచుల మీద మక్కువ. చల్లదనంలో సగం పాలు ఆయనకే రాయాలని నా అభిప్రాయం.

మార్కాంటోనియో కథ ముగింపు కూడా చెప్పి ఊరుకుంటాను. ఈ రేకు తర్వాత అతనికి మంచి కాలం రెండేళ్లు కూడా నిలవలేదు. 1527 మే 6న ఐదవ చార్లెస్ చక్రవర్తి సైన్యం రోమ్‌ను దోచుకున్నది. బందీగా పట్టుకున్నవాళ్లకు విడుదల సొమ్ము కట్టి, దాదాపు బిచ్చగాడై నగరం వదిలి, తిరిగి రాలేదని వసారి రాశాడు. 1534లో అరెతీనో అచ్చు వేసిన నాటకంలో అతని ప్రస్తావన చనిపోయినవాడిగా వస్తుంది.

రాగిరేకు | 15 ఆగస్టు, ఉదయం 6:30

వచ్చే శుక్రవారం ఆ గదిలో మళ్లీ సమయం అడిగి తీసుకున్నాను. ఈసారి భూతద్దం తీసుకెళ్తాను. తులసికోట గారి మాట విన్నాక మొదట కమ్మీల కింద చూడాలని ఉన్నది: మంట కొసలకూ ఆయన దేహానికీ మధ్య నీడ ఎలా వేశాడో, అక్కడ అడ్డగీతలు ఉన్నాయో, చుక్కలతో వదిలాడో చూసి రాస్తాను. ఇంకేమైనా గమనించాలా?

నగిషీ | 15 ఆగస్టు, ఉదయం 9:00

దీపాన్ని పక్క నుంచి పడేట్టు పెట్టమని అక్కడివాళ్లను అడగండి, ఏటవాలు వెలుగులో సిరా గీత కాగితం మీద గట్టులా లేచి కనిపిస్తుంది. లేవకుండా చదునుగా బూడిద రంగులో ఉంటే అది అరిగిన రేకు నుంచి వచ్చినది, నిప్పు చల్లబడిందని ఇద్దరిలో ఎవరినీ తిట్టకండి. వీలైతే కాగితాన్ని వెనక్కి తిప్పి చూపించమనండి. రోలరు ఎంత గట్టిగా నొక్కిందో, రేకు అంచు ఎక్కడ ఉన్నదో వెనక వైపే బాగా తెలుస్తుంది.